ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్: నిర్ధారణ, చికిత్స గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ వ్యాధి గురించి అడిగేవారు ఎక్కువగా రెండు రకాలు. స్కాన్ రిపోర్టులో క్లోమం తలభాగంలో గడ్డ ఉందని చదివి, అది క్యాన్సర్ కాకపోయే అవకాశం ఏమైనా ఉందా అని వెతికేవారు కొందరు. వ్యాధి పేరు తేలి, స్టెరాయిడ్లు మొదలయ్యాక ఇక ముందేమిటని అడిగేవారు మరికొందరు. మొదటివారి ప్రశ్నలకే ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాం. ఈ వ్యాధి విషయంలో దిద్దుకోలేని పొరపాట్లు జరిగేది ఆ దశలోనే. మందుల మోతాదులు వైద్యంలో సాధారణంగా వాడుకలో ఉన్నవి. మీకెంత కావాలో చెప్పవలసింది మిమ్మల్ని చూస్తున్న డాక్టరే.

అసలు ఇది ఏ వ్యాధి?

క్లోమం కడుపు వెనుక, వెన్నెముకకు ముందు అడ్డంగా ఉండే గ్రంథి. ఆహారాన్ని అరిగించే రసాలనూ, రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్‌నూ ఇదే తయారు చేస్తుంది. సూక్ష్మజీవులతో పోరాడవలసిన రోగనిరోధక కణాలు ఈ గ్రంథిలోకి గుంపులుగా చేరి వాపు పుట్టించడమే ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్. వాపుతో పాటు నారలాంటి కణజాలం పేరుకుని గ్రంథి గట్టిపడుతుంది. దాని మధ్యనుంచి వెళ్లే నాళాలు ఇరుకవుతాయి.

క్లోమం వాపు అనగానే మనకు మద్యమో, పిత్తాశయంలో రాళ్లో గుర్తుకొస్తాయి. ఈ రకానికి ఆ రెండూ కారణం కావు. జీవితంలో చుక్క ముట్టని వ్యక్తిని పట్టుకుని 'నిజం చెప్పండి, తాగుతారా' అని బంధువులు నిలదీయడం అన్యాయం.

ఇది కొత్తగా వచ్చిన రోగమా?

రోగం పాతదే, గుర్తించడం కొత్త. 1961లో ఫ్రాన్స్‌లో సార్లెస్ బృందం, రక్తంలో గామా గ్లోబ్యులిన్లు అనే ప్రొటీన్లు బాగా పెరిగి ఉన్న కొందరిలో క్లోమం వాపును గమనించి, ఇది రోగనిరోధక వ్యవస్థకు సంబంధించినదేమో అని అనుమానించింది. ఇప్పుడు వాడుతున్న పేరును 1995లో జపాన్‌లో యోషిదా బృందం ప్రతిపాదించింది. 2001లో షిన్షూ విశ్వవిద్యాలయానికి చెందిన హమానో, ఆయన సహచరులు ఈ రోగుల రక్తంలో ఐజీజీ4 అనే యాంటీబాడీ పెరిగి ఉంటుందని చూపారు. 2003లో కమిసావా బృందం దీన్ని క్లోమానికే పరిమితమైన జబ్బుగా కాక, అనేక అవయవాలను పట్టే ఒకే వ్యాధిగా చూడాలని వాదించింది. తొలి నిర్ధారణ ప్రమాణాలను 2002లో జపాన్ పాంక్రియాస్ సొసైటీ ప్రకటించింది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో సురేశ్ చారి బృందం 2006లో తన పద్ధతిని ప్రచురించింది. ఈ ధోరణులన్నిటినీ కలిపి 2011లో అంతర్జాతీయ ప్రమాణాలు వచ్చాయి. అంటే, పాతికేళ్ల కిందట శిక్షణ పూర్తి చేసుకున్న వైద్యుడికి ఈ వ్యాధి పాఠ్యపుస్తకంలో దాదాపు కనిపించి ఉండదు.

టైప్ 1 మధుమేహం కూడా క్లోమంపై ఆటోఇమ్యూన్ దాడేనంటారు. రెండూ ఒకటేనా?

కావు. టైప్ 1 మధుమేహంలో దాడి ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద మాత్రమే జరుగుతుంది. గ్రంథి వాచదు, కామెర్లు రావు, స్టెరాయిడ్లతో నయం కాదు. ఇక్కడ చెబుతున్నది మొత్తం గ్రంథిని, దాని నాళాలను పట్టే జబ్బు. గందరగోళం ఇంకొకటి ఉంది. ఈ వ్యాధిలోనూ టైప్ 1, టైప్ 2 అనే రకాలున్నాయి. మధుమేహంలోని టైప్ 1, టైప్ 2లతో వాటికి ఏ సంబంధమూ లేదు.

ఆ రెండు రకాల మధ్య తేడా ఏమిటి?

టైప్ 1 ఎక్కువగా అరవై దాటినవారిలో, అందులోనూ మగవారిలో కనిపిస్తుంది. ఐజీజీ4 తరచుగా పెరిగి ఉంటుంది. క్లోమంతో పాటు పిత్తనాళాలు, లాలాజల గ్రంథులు, కన్నీటి గ్రంథులు, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, మూత్రనాళాల చుట్టూ ఉండే కణజాలం, బృహద్ధమని కూడా వాచవచ్చు. అందుకే దీన్ని ఐజీజీ4 సంబంధిత వ్యాధిలో క్లోమానికి చెందిన భాగంగా చూస్తారు. చికిత్స తరువాత తిరగబెట్టే గుణం దీనికే ఎక్కువ.

టైప్ 2 ముప్పై, నలభై ఏళ్ల వయసులో వస్తుంది, ఆడా మగా తేడా పెద్దగా లేదు. ఐజీజీ4 సాధారణంగా మామూలుగానే ఉంటుంది. ఇతర అవయవాలకు పాకదు. కానీ ఈ రోగుల్లో చాలామందికి పేగుపూత, ముఖ్యంగా అల్సరేటివ్ కొలైటిస్ ఉంటుంది. జపాన్‌లో ఈ రకం అరుదు. ఐరోపా, అమెరికాల్లో అంతకంటే ఎక్కువ. ఇటీవల క్యాన్సర్‌కు ఇచ్చే ఇమ్యూనోథెరపీ మందుల వల్ల వచ్చే క్లోమం వాపును టైప్ 3 అనేవారూ ఉన్నారు. అది వేరే కథ.

ఏ లక్షణాలతో బయటపడుతుంది?

వృద్ధుల్లో నొప్పి లేని కామెర్లతో. కళ్లు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది, మలం తెల్లగా పాలిపోతుంది, ఒళ్లంతా దురద. కడుపులో నొప్పి ఉన్నా తేలికగానే ఉంటుంది. నెలకోసారి మెలితిప్పే తీవ్రమైన నొప్పి ఈ వ్యాధి తీరు కాదు. బరువు తగ్గడం, అంతవరకు లేని షుగర్ హఠాత్తుగా రావడం, లేదా మందులతో అదుపులో ఉన్న షుగర్ కారణం లేకుండా పెరగడం కూడా మామూలే. టైప్ 2లో మాత్రం తీవ్రమైన క్లోమం వాపుగా, నొప్పితో మొదలవడం ఎక్కువ.

కామెర్లకు మా ఊళ్లో పసరు మందు ఇస్తారు. ముందు అది వాడి చూడవచ్చా?

వద్దు. ఊళ్లలో ఇచ్చే పసరు మందుకు గానీ, చేతి మీద పెట్టే వాతలకు గానీ మంచి పేరు రావడానికి కారణం ఒకటే. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. పిత్తనాళం మూసుకుపోయి వచ్చిన కామెర్లు అలా తగ్గవు. యాభై దాటినవారికి నొప్పి లేకుండా కామెర్లు వచ్చి, దురదతో పాటు మలం తెల్లబడితే ఆ వారంలోనే పొట్టకు అల్ట్రాసౌండ్, ఆ వెంటనే సీటీ స్కాన్ జరగాలి. అది క్యాన్సర్ అయితే ఆలస్యం ప్రాణాంతకం. ఆటోఇమ్యూన్ అయితే ఆలస్యమైనకొద్దీ గ్రంథి దెబ్బతింటుంది. జ్వరం, చలివణుకు తోడైతే పిత్తనాళంలో ఇన్ఫెక్షన్ అని అర్థం. అప్పుడు ఒక్క రోజు కూడా ఆగకూడదు.

దీన్ని క్యాన్సర్ అని ఎందుకు పొరబడతారు?

రెండూ ఒకే వేషంలో వస్తాయి కాబట్టి. అదే వయసు, నొప్పి లేని అవే కామెర్లు, అదే బరువు తగ్గుదల, కొత్తగా షుగర్, స్కాన్‌లో క్లోమం తలభాగంలో గడ్డ. క్యాన్సర్ అనుమానంతో విపుల్ ఆపరేషన్ చేసి తీసిన క్లోమాల్లో నూటికి రెండు మూడు చివరికి ఆటోఇమ్యూన్ వాపుగా తేలినట్టు పెద్ద ఆసుపత్రుల అనుభవం. విపుల్ అంటే క్లోమం తల, చిన్నపేగు మొదలు, పిత్తాశయం, పిత్తనాళంలో కొంత తీసేసి మళ్లీ కుట్టే పెద్ద ఆపరేషన్. మాత్రలతో తగ్గే జబ్బుకు ఆ ఆపరేషన్ జరిగితే బాధగానే ఉంటుంది.

అయితే లెక్కను రెండో వైపు నుంచి కూడా చూడాలి. క్లోమం తలలో గడ్డ, కామెర్లు ఉన్న వందమందిలో అత్యధికులకు ఉండేది క్యాన్సరే. ఆటోఇమ్యూన్ వాపు అరుదు. 'ఇది క్యాన్సర్ కాదేమో, స్టెరాయిడ్ వాడి చూద్దాం' అని రెండు నెలలు గడిపితే, ఆపరేషన్‌తో తీసేయగల దశలో ఉన్న క్యాన్సర్ చేయి దాటిపోవచ్చు. ఆశ కలిగించే పేరు వినగానే దానికే అతుక్కుపోవడం మనుషుల నైజం. ఈ ఒక్క జబ్బులో ఆ నైజాన్ని కాస్త అదుపులో పెట్టుకోవాలి. క్యాన్సర్ ప్రశ్నకు జవాబు దొరికాకే స్టెరాయిడ్.

స్కాన్‌లో ఏ తేడాలు చూస్తారు?

ఆటోఇమ్యూన్ వాపు పూర్తిస్థాయిలో ఉన్నప్పుడు గ్రంథి మొత్తం ఉబ్బుతుంది. మామూలుగా ఎగుడుదిగుడుగా ఉండే అంచులు నున్నగా మారతాయి. రేడియాలజిస్టులు దీన్ని 'సాసేజ్ ఆకారం' అని రాస్తారు. గ్రంథి చుట్టూ సన్నని తొడుగులాంటి అంచు కనిపించవచ్చు. రంగుమందు ఎక్కించి తీసిన సీటీలో గ్రంథి ఆలస్యంగా వెలుగు పట్టుకుంటుంది. ఇవన్నీ ఒకేచోట కలిసి వస్తే, అనుభవం ఉన్న రేడియాలజిస్టుకు పెద్దగా సందేహం ఉండదు.

చిక్కు వచ్చేది గ్రంథిలో ఒక్కచోటే గడ్డలా వాచినప్పుడు. అప్పుడు క్లోమనాళం వైపు చూస్తారు. క్యాన్సర్ నాళాన్ని ఒకచోట నొక్కేస్తే, దాని వెనుక భాగం బాగా ఉబ్బుతుంది, తోక వైపు గ్రంథి కుంచించుకుపోతుంది. ఆటోఇమ్యూన్ వాపులో నాళం పొడవులో మూడో వంతుకు మించి ఇరుకవుతుంది. లేదా రెండు మూడు చోట్ల ఇరుకవుతుంది. అయినా వెనుక భాగం పెద్దగా ఉబ్బదు, 5 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. ఇది చూడటానికి ఎంఆర్‌సీపీ అనే ఎంఆర్ఐ స్కాన్ పనికొస్తుంది.

నాళం ఉబ్బి, తోక వైపు ఎండిపోయి, గడ్డ నల్లగా కనిపిస్తే మాత్రం రక్తపరీక్ష ఏం చెప్పినా ముందు క్యాన్సర్ అనే అనుకోవాలి.

ఐజీజీ4 పెరిగితే ఇదేనని ఖాయమా?

ఖాయం కాదు. ఎక్కువ పొరపాట్లు ఈ పరీక్ష చుట్టూనే జరుగుతాయి. చాలా ల్యాబుల్లో ఐజీజీ4 గరిష్ఠ పరిమితి డెసీలీటరు రక్తరసికి 135 లేదా 140 మిల్లీగ్రాములు. ఆరోగ్యవంతుల్లో దాదాపు 5 శాతం మందికి, క్లోమ క్యాన్సర్ రోగుల్లో సుమారు 10 శాతం మందికి ఇది ఆ పరిమితి దాటి ఉంటుంది. ఉబ్బసం, అలర్జీలు ఉన్నవారిలోనూ పెరగవచ్చు. కాబట్టి 160, 180 లాంటి అంకెలు దేనినీ నిరూపించవు. పరిమితికి రెండు రెట్లు, అంటే 280 దాటితే మాత్రం దానికి బరువుంటుంది. క్యాన్సర్ రోగుల్లో అంత పెరగడం అరుదు.

పెరగకపోయినా వ్యాధి లేదనలేం. టైప్ 2లో అది మామూలుగానే ఉంటుంది, టైప్ 1లో కూడా కొందరికి పెరగదు. ఇంకో సాంకేతిక చిక్కు ఉంది. ఐజీజీ4 మరీ ఎక్కువగా ఉన్నప్పుడు కొన్ని యంత్రాలు దాన్ని తప్పుగా తక్కువ చూపుతాయి. నాలుగైదు అవయవాలు వాచి ఉన్న మనిషికి రిపోర్టు మామూలుగా వస్తే, నమూనాను పలచన చేసి మళ్లీ పరీక్షించమని ల్యాబును అడగడం సబబు.

సీఏ 19-9, పెట్ స్కాన్‌తో క్యాన్సర్ తేలిపోదా?

తేలదు. సీఏ 19-9 రక్తంలో కొలిచే క్యాన్సర్ సూచిక. పిత్తనాళం ఏ కారణం వల్ల మూసుకుపోయినా అది పెరుగుతుంది. అందుకే కామెర్లు తగ్గాక మళ్లీ చూడాలి. అప్పటికీ పెరుగుతూనే ఉంటే అనుమానం బలపడుతుంది. పెట్ స్కాన్‌లో వాపు కూడా క్యాన్సర్ లాగే వెలుగుతుంది. 'పెట్‌లో వెలిగింది, కాబట్టి క్యాన్సర్' అనే మాట ఈ వ్యాధి దగ్గర చెల్లదు. కాకపోతే లాలాజల గ్రంథులు, మూత్రపిండాలు కూడా వెలిగితే ఆలోచన ఐజీజీ4 వ్యాధి వైపు మళ్లుతుంది.

బయాప్సీ తప్పనిసరా? సూది పొడిస్తే క్యాన్సర్ పాకుతుందంటారు.

స్కాన్ చూడగానే స్పష్టంగా ఉండి, ఐజీజీ4 బాగా పెరిగి ఉంటే బయాప్సీ లేకుండానే నిర్ధారించవచ్చు. గడ్డలా ఉన్నప్పుడు మాత్రం చేయించుకోవడమే మంచిది. నోటి ద్వారా పంపే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో కడుపు గోడ లోపలినుంచి గడ్డను చూస్తూ సూదితో ముక్క తీస్తారు. ఈ పద్ధతిలో క్యాన్సర్ కణాలు సూది దారిలో పాకడం చాలా అరుదు. అసలు జబ్బేమిటో తెలియకపోవడం వల్ల జరిగే నష్టంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. సన్నని సూదితో కణాలను మాత్రమే పీల్చి తీసే ఎఫ్‌ఎన్‌ఏసీ క్యాన్సర్‌ను పట్టుకోవడానికి సరిపోతుంది గానీ, ఆటోఇమ్యూన్ వాపును నిరూపించడానికి సాధారణంగా చాలదు. దానికి అల్లిక చెదరని ముక్క కావాలి. అందులో ప్లాస్మా కణాలు గుంపులుగా ఉండటం, నారల చుట్లు, మూసుకుపోయిన చిన్న సిరలు, సూక్ష్మదర్శినిలో పెద్దచేసి చూసినప్పుడు ఒక్కో క్షేత్రానికి పదికి మించి ఐజీజీ4 ప్లాస్మా కణాలు ఉంటే అది టైప్ 1. న్యూట్రోఫిల్ కణాలు క్లోమనాళాల గోడల్లోకి చొరబడి ఉంటే టైప్ 2. టైప్ 2ను గట్టిగా నిర్ధారించాలంటే ముక్క పరీక్షే ఆధారం, రక్తపరీక్ష ఏదీ లేదు.

'క్యాన్సర్ కణాలు కనబడలేదు' అనే రిపోర్టు 'క్యాన్సర్ లేదు' అనే హామీ కాదు. సూది పక్కన పడి ఉండవచ్చు. అనుమానం గట్టిగా ఉంటే మళ్లీ తీయాలి.

స్టెరాయిడ్ వేసి చూడటం కూడా ఒక పరీక్షేనంటారు. ఎలా చేస్తారు?

ఆటోఇమ్యూన్ వాపు స్టెరాయిడ్‌కు చకచకా కరుగుతుంది, క్యాన్సర్ గడ్డ కరగదు. ఈ తేడా మీద ఆధారపడిన పద్ధతి ఇది. ముందుగా బయాప్సీలో క్యాన్సర్ కనబడకపోవాలి. స్కాన్ గానీ, ఐజీజీ4 గానీ, ఇతర అవయవాల వాపు గానీ ఆటోఇమ్యూన్ వైపు కొంతైనా మొగ్గు చూపాలి. అప్పుడు రోగి బరువును బట్టి కిలోకు 0.6 నుంచి 1 మిల్లీగ్రాము చొప్పున ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి, రెండు వారాలకు స్కాన్, సీఏ 19-9 మళ్లీ చేస్తారు. గడ్డ, నాళం ఇరుకు స్పష్టంగా తగ్గి ఉండాలి. తగ్గకపోతే ఇక ఎదురుచూడకుండా సర్జన్‌ను కలవాలి.

'ఆకలి బాగా వేస్తోంది, ఒంట్లో హుషారుగా ఉంది' అనేది రుజువు కాదు. స్టెరాయిడ్ వేసుకుంటే ఎవరికైనా హుషారుగానే ఉంటుంది. పిత్తనాళంలో స్టెంట్ అనే సన్నని గొట్టం వేసినందువల్ల కామెర్లు తగ్గినా అది మందు గొప్పతనం కాదు. స్కాన్‌లో కొలత తగ్గాలి. లింఫోమా అనే మరో క్యాన్సర్ కూడా స్టెరాయిడ్‌కు తాత్కాలికంగా కరుగుతుంది. పైగా మందు మొదలుపెట్టాక తీసిన ముక్కలో ఆటోఇమ్యూన్ ఆనవాళ్లు కూడా చెదిరిపోయి ఉండవచ్చు. ఈ రెండు కారణాల వల్లనే వరుస తప్పకూడదు: ముందు ముక్క, తరువాత మాత్ర. బయాప్సీ లేకుండా స్థానిక క్లినిక్‌లో 'వాపు తగ్గడానికి' అని స్టెరాయిడ్ రాసి ఇస్తే, వేసుకునే ముందు గ్యాస్ట్రో ఎంటరాలజిస్టును కలవండి.

కామెర్లకు స్టెంట్ తప్పదా?

కామెర్లు తేలికగా ఉండి, వ్యాధి స్పష్టంగా తేలితే స్టెరాయిడ్‌తోనే తగ్గవచ్చు. కామెర్ల పసుపు పదార్థమైన బిలిరుబిన్ బాగా పెరిగినా, ఇన్ఫెక్షన్ ఉన్నా, నిర్ధారణ ఇంకా తేలకపోయినా ఈఆర్‌సీపీ (నోటి ద్వారా ఎండోస్కోప్ పంపి పిత్తనాళంలోకి వెళ్లే పద్ధతి) చేసి ప్లాస్టిక్ స్టెంట్ వేస్తారు. దాన్ని తీయించే తేదీని రాసి పెట్టుకోండి. నెలల తరబడి మరచిపోతే మూసుకుపోయి జ్వరం తెస్తుంది.

చికిత్సలో స్టెరాయిడ్ ఎంత, ఎన్నాళ్లు?

ప్రెడ్నిసోలోన్ రోజుకు 30 నుంచి 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలు అదే మోతాదు కొనసాగిస్తారు. స్పందన చూశాక వారానికో, రెండు వారాలకో 5 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిస్తారు. అక్కడినుంచి దారులు వేరు. పాశ్చాత్య దేశాల్లో చాలామంది వైద్యులు మూడు నెలల్లో పూర్తిగా ఆపేస్తారు. జపాన్‌లో టైప్ 1 రోగులకు రోజుకు 5 మిల్లీగ్రాముల లాంటి చిన్న మోతాదును మూడేళ్ల దాకా కొనసాగిస్తారు. జపాన్‌లో జరిగి 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, 26 వారాలకు మందు ఆపినవారిలో మూడేళ్లలోపు సుమారు 58 శాతం మందికి వ్యాధి తిరగబెట్టింది. కొనసాగించినవారిలో అది 23 శాతం. అధ్యయనం చిన్నదే అయినా తేడా పెద్దది. షుగర్, ఎముకల బలహీనత ఉన్న వృద్ధుడికి మూడేళ్ల స్టెరాయిడ్ కూడా ఊరికే రాదు. కాబట్టి ఇది మనిషిని బట్టి తీసుకునే నిర్ణయం.

మందు పనిచేస్తుందా అనే బెంగ అక్కర్లేదు. 10 దేశాల్లోని 23 కేంద్రాల నుంచి 1064 మంది రోగుల వివరాలతో 2013లో వెలువడిన విశ్లేషణలో, స్టెరాయిడ్ తీసుకున్న టైప్ 1 రోగుల్లో 99 శాతం, టైప్ 2లో 92 శాతం మందికి వ్యాధి తగ్గింది.

మొదలుపెట్టే ముందు ఏ పరీక్షలు చేయించుకోవాలి?

హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి. నిద్రాణంగా ఉన్న ఆ వైరస్ స్టెరాయిడ్లతో, అంతకంటే ఎక్కువగా రిటుక్సిమాబ్ అనే మందుతో (దాని గురించి కింద ఉంది) విజృంభించి కాలేయాన్ని దెబ్బతీయగలదు. మన దేశంలో క్షయ సాధారణం కనుక ఛాతీ ఎక్స్‌రే తీయించి, గతంలో ఇంట్లో ఎవరికైనా క్షయ ఉంటే డాక్టరుకు చెప్పాలి. షుగర్, రక్తపోటు, ఎముకల సాంద్రత, కంటి పరీక్ష చూస్తారు. కాల్షియం, విటమిన్ డి జోడిస్తారు. అవసరమైన టీకాల గురించి ముందే అడగండి, సజీవ సూక్ష్మజీవులతో చేసే టీకాలు ఆ తరువాత కుదరవు.

ముఖం ఉబ్బింది, నిద్ర పట్టడం లేదు. మాత్ర ఆపేయవచ్చా?

హఠాత్తుగా ఆపకూడదు. మూడు వారాలకు మించి వాడితే అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ తయారుచేయడం మందగిస్తుంది. ఒక్కసారిగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మాత్రను ఉదయం టిఫిన్ తరువాత వేసుకుంటే నిద్ర ఇబ్బంది తగ్గుతుంది. ముఖం ఉబ్బు మోతాదు తగ్గేకొద్దీ పోతుంది. పంటి ఆపరేషన్‌కు వెళ్లినా, ప్రమాదం జరిగి ఆసుపత్రిలో చేరినా స్టెరాయిడ్ వాడుతున్నట్టు చెప్పాలి. ఒక చీటీ రాసి పర్సులో పెట్టుకోవడం మంచి అలవాటు.

స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుంది కదా, షుగర్ ఉన్నవారికి ఎలా ఇస్తారు?

పెరుగుతుంది, చాలామందికి కొంతకాలం ఇన్సులిన్ అవసరమవుతుంది. విచిత్రంగా, వాపు తగ్గి గ్రంథి కోలుకునే కొద్దీ కొందరిలో షుగర్ మునుపటికంటే మెరుగవుతుంది. ఎవరిలో అలా జరుగుతుందో ముందే చెప్పలేం. ఉదయం మాత్ర వేసుకున్నవారికి షుగర్ మధ్యాహ్నం, సాయంత్రం ఎక్కువగా ఎగబాకుతుంది. పరగడుపు అంకె మాత్రమే చూసి ధీమాగా ఉండకండి.

తిరగబెడితే?

పైన చెప్పిన 2013 విశ్లేషణలో టైప్ 1 రోగుల్లో 31 శాతం మందికి, టైప్ 2లో 9 శాతం మందికి తిరగబెట్టింది. క్లోమంలోనే కాక పిత్తనాళాల్లో తిరగబెట్టడం ఎక్కువ. మొదట్లోనే పిత్తనాళాలకు పాకినవారు, ఐజీజీ4 మరీ ఎక్కువగా ఉన్నవారు కాస్త ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఐజీజీ4 అంకె ఒక్కటే పెరిగి, లక్షణాలు, స్కాన్ బాగుంటే దానికోసం మందు మొదలుపెట్టరు, దగ్గరగా గమనిస్తారు.

తిరగబెడితే స్టెరాయిడ్ మళ్లీ పనిచేస్తుంది. మాటిమాటికీ తిరగబెడుతుంటే ఇతర మందులు జోడిస్తారు. అజాథయోప్రిన్ పాత మందు, ఖర్చు తక్కువ. దాన్ని వాడే ముందు ఎన్‌యూడీటీ15 అనే జన్యువు పరీక్ష గురించి అడగడం మంచిది. ఆ జన్యువులో మార్పు ఉన్నవారికి, భారతీయుల్లో ఇది అరుదేమీ కాదు, తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. మందు మొదలైన కొద్ది వారాల్లో జుట్టు కుచ్చులుగా రాలితే అది హెచ్చరిక, వెంటనే రక్తకణాల లెక్క చూడాలి.

రిటుక్సిమాబ్ ఐజీజీ4 వ్యాధిలో బాగా పనిచేస్తుంది. సాధారణంగా 1000 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాల తేడాతో రెండుసార్లు సెలైన్‌లో ఎక్కిస్తారు. ఈ మందుకు ప్రపంచంలో తొలి బయోసిమిలర్‌ను, అంటే అసలు మందుకు దాదాపు సమానమైన ప్రతిరూపాన్ని, 2007లో తెచ్చింది హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థే. దాంతో మన దగ్గర ధర విదేశాలంత మండిపోదు. అయినా ఖరీదే. ఇనెబిలిజుమాబ్ అనే మరో మందు వ్యాధి తిరగబెట్టే ముప్పును 87 శాతం తగ్గించినట్టు 2024లో వెలువడిన పరీక్షలో తేలింది. 2025 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని ఐజీజీ4 వ్యాధికి ఆమోదించింది. ఈ వ్యాధికంటూ ఆమోదం పొందిన మొదటి మందు అదే.

ఆపరేషన్ అయిపోయింది. తీసిన ముక్కలో ఇది ఆటోఇమ్యూన్ అని వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

ముందు, సర్జన్‌ను తిట్టుకోకండి. నాళం ఉబ్బి, గడ్డ స్పష్టంగా ఉన్న కేసులో ఆపరేషన్‌కు వెళ్లడం చాలాసార్లు సరైన నిర్ణయమే. తరువాత చేయవలసింది ఉంది. ఏ టైపో పాథాలజిస్టు చెప్పాలి. టైప్ 1 అయితే మిగిలిన క్లోమంలోనూ, పిత్తనాళాల్లోనూ, మరే అవయవంలోనైనా వ్యాధి తలెత్తవచ్చు. కాబట్టి లాలాజల గ్రంథులు, మూత్రపిండాలు చూపించుకుని, కాలేయ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకోవాలి. 'కోసి తీసేశారు, అయిపోయింది' అనుకుని మానేసినవారే ఏడాది తరువాత మళ్లీ కామెర్లతో వస్తారు.

ఏం తినాలి, ఏం తినకూడదు?

వ్యాధిని తగ్గించే పథ్యం ఏదీ లేదు. మద్యం, పొగ మానాలి. అవి దీనికి కారణం కాకపోయినా, ఇప్పటికే దెబ్బతిన్న గ్రంథికి మరో దెబ్బ ఎందుకు? మలం జిడ్డుగా, నీళ్ల మీద తేలుతూ, దుర్వాసనతో వస్తుంటే అరిగించే ఎంజైములు చాలడం లేదని అర్థం. మలంలో ఎలాస్టేజ్ పరీక్షతో అది తెలుస్తుంది. అప్పుడు నూనె, నెయ్యి పూర్తిగా మానేసి చిక్కిపోవడం కంటే ఆ ఎంజైములుండే పాంక్రియాటిన్ గొట్టం మాత్రలు (క్యాప్సూళ్లు) వేసుకోవడం మేలు. ప్రధాన భోజనానికి 40,000 నుంచి 50,000 లైపేజ్ యూనిట్లు, చిరుతిండికి అందులో సగం. వీటిని భోజనానికి గంట ముందో, తరువాతో కాదు, అన్నం తింటూ వేసుకోవాలి. ఈ తప్పు చేసి 'మందు పనిచేయలేదు' అనేవారు చాలామంది. ఈ ఎంజైములను పంది క్లోమం నుంచి తీస్తారు. మతపరంగానో, శాకాహార నియమం వల్లనో అభ్యంతరం ఉంటే డాక్టరుతో దాపరికం లేకుండా మాట్లాడండి, చెప్పకుండా మానేయడం మాత్రం వద్దు.

స్కాన్‌లో క్లోమంలో రాళ్లు ఉన్నాయన్నారు. అది ఇదేనా?

పాతబడిన ఆటోఇమ్యూన్ వాపులో రాళ్లు రావచ్చు. కానీ మన దక్షిణాదిలో చిన్న వయసులో పెద్ద పెద్ద రాళ్లు, నొప్పి, షుగర్ కలిసి వస్తే ముందుగా గుర్తుకు రావలసింది ట్రాపికల్ పాంక్రియాటైటిస్, అంటే ఉష్ణమండల దేశాల్లో కనిపించే క్లోమం వాపు. కేరళలో దాని మీద చాలా పరిశోధన జరిగింది. దానికి స్టెరాయిడ్ పనిచేయదు.

అంటువ్యాధా? పిల్లలకు వస్తుందా?

అంటదు. తల్లిదండ్రుల నుంచి నేరుగా సంక్రమించే జబ్బు కూడా కాదు. కారణం పూర్తిగా తేలలేదు. ఐజీజీ4 నేరస్తుడా, కేవలం సాక్షా అనే వాదన నడుస్తూనే ఉంది. దశాబ్దాల పాటు ద్రావకాలు, నూనెలు, పారిశ్రామిక ధూళి మధ్య పనిచేసినవారిలో ఐజీజీ4 వ్యాధి ఎక్కువగా కనిపించిందని నెదర్లాండ్స్, బ్రిటన్ రోగుల మీద జరిగిన అధ్యయనం ఒకటి చెబుతోంది. కాబట్టి పూర్వం ఏ పని చేశారో డాక్టరు అడిగితే అది కాలక్షేపం ప్రశ్న కాదు.

ఎవరిని కలవాలి? రెండో అభిప్రాయానికి వెళ్తే ఏం తీసుకెళ్లాలి?

గ్యాస్ట్రో ఎంటరాలజిస్టుతో మొదలుపెట్టాలి. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్, క్లోమం సర్జన్, పాథాలజిస్టు ఒకేచోట ఉన్న ఆసుపత్రి అయితే నయం. ఇతర అవయవాలు కూడా వాచి ఉంటే రుమటాలజిస్టు తోడు కావాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

రెండో అభిప్రాయానికి వెళ్లేవారు రిపోర్టు కాగితాలు మాత్రమే పట్టుకెళ్తే పని సగమే అవుతుంది. సీటీ, ఎంఆర్ఐ బొమ్మలున్న సీడీ కావాలి, కొత్త రేడియాలజిస్టు బొమ్మలను తన కళ్లతో చూడాలి. బయాప్సీ జరిగి ఉంటే మొదటి ల్యాబునుంచి గాజు స్లైడ్లతో పాటు మైనపు బ్లాకు కూడా అడిగి తీసుకోండి. ఐజీజీ4 రంగు పరీక్ష ఆ బ్లాకు మీదే కొత్తగా చేయవచ్చు, మళ్లీ సూది పొడిపించుకునే అవసరం తప్పవచ్చు. అడిగితే సాధారణంగా సంతకం చేయించుకుని ఇస్తారు. ఇప్పటికే స్టెరాయిడ్ మొదలై ఉంటే ఏ తేదీన, ఎంత మోతాదుతో మొదలైందో కాగితం మీద రాసుకెళ్లండి. ఆ తేదీ తెలియకపోతే కొత్త డాక్టరు ఏ స్కాన్‌నూ, ఏ రక్తపరీక్షనూ సరిగా అంచనా వేయలేరు.